ఒట్లమేడకు బండ దిగిన రోజు

ఏడు రాజ్యాల పొలిమేరలు ఒక్కచోట కలిసే తావున ఒంటికొండ ఉంది. ఆ కొండ నెత్తి మీద ఒట్లమేడ ఉంది. చుట్టుపక్కల ఊరు లేదు, సంత లేదు, పొయ్యి రాజేసే ఇల్లు లేదు. గాలి మాత్రం ఉంది. అది పొద్దస్తమానం మేడ చుట్టూ తిరిగి తిరిగి, పలికేవాళ్ళు లేక, సాయంత్రానికి లోయలోకి దిగిపోయేది.

మూడు వందల ఏళ్ళ కింద ఏడుగురు రాజులు యుద్ధాలు చేసి చేసి అలిసిపోయారు. ఇక ఒకరి మీద ఒకరు కత్తి దూసేది లేదని ఒట్టు వేసుకున్నారు. రాజ్యానికి ఒక రాయి చొప్పున ఏడు ఒట్టురాళ్ళు తెచ్చి ఈ మేడలో నిలబెట్టారు. అప్పటి నుంచి పన్నెండేళ్ళకు ఒకసారి, వైశాఖ పున్నమి మధ్యాహ్నం, ఏడుగురు రాజులూ కత్తులు బయట పెట్టి, భటులను బయట నిలిపి, లోపలికి పోయి ఎవరి రాయి మీద వాళ్ళు చెయ్యి వేసి ఒట్టు కొత్త చేసుకుంటారు. ఆ పూట గడప ముందు ఎవరేమి అడిగినా లేదనకూడదు. లేదన్నవాడు గడప దాటకూడదు. రాజులు కాక ఆ పూట లోపల అడుగు పెట్టే హక్కు ఇంకొక్కడికే ఉంది. మేడను బాగుచేసిన మేస్త్రికి. కప్పు కట్టినవాడు ఆ కప్పు కింద రాజుల పక్కనే నిలబడాలి. ఆ పూట అతనొక్కడు పని చెప్పులతోనే గడప దాటతాడు. ఒట్టు అయ్యాక పెద్దరాజు ఆ పాత చెప్పులు తీయించి, వెండి పళ్ళెంలో కొత్త చెప్పులు ఇస్తాడు. అదీ ఆచారం.

కట్టిన కొత్తలో ఆ మేడ అందం చెప్పతరం కాదంటారు. నూట ఎనిమిది స్తంభాలు. ఒక్కో స్తంభానికి ఒక్కో పువ్వు చెక్కారు. మల్లె, మొగలి, సంపెంగ, పొగడ, నల్లకలువ. తుమ్మెదలు నిజమనుకొని వచ్చి వాలి, తేనె లేక సిగ్గుపడి పోయేవట. నడిమి సాల కప్పు బోర్లించిన తామరపువ్వు. దాని కింద ఏడు ఒట్టురాళ్ళు, ఏడు రంగుల్లో, వలయంగా కూర్చున్న ఏడుగురు ముసలివాళ్ళలా ఉండేవి.

అదంతా అప్పుడు. ఇప్పుడు తామర రేకులకు నెర్రెలు పడ్డాయి. టేకు దూలాలను చెద తినేసి పైరంగు మాత్రం మిగిల్చింది. ఏడు వాకిళ్ళలో ఆరింటికి తలుపు పడదు. కోతులు ఒక వాకిట్లో దూరి ఇంకో వాకిట్లో దిగేవి. పోయిన ఏడాది నీలజటుడనే మాంత్రికుడు గబ్బిలం రూపంలో దూరి, ఒక ఒట్టురాయిని సగానికి పెకలించాడు. నలభై ఏళ్ళుగా ఆ మేడలోనే ఒంటరిగా ఉండి రాళ్ళకు దీపం పెట్టే ఈరమ్మవ్వ చీపురు తిరగేసి తరిమింది కాబట్టి సరిపోయింది.

ఆ సంగతి విని ఏడుగురు రాజులూ మైలారును పిలిపించారు.

మైలారు రాతిపని మేస్త్రి. ముప్పై దాటాయి. తల్లీతండ్రీ లేరు. పని ఉన్న చోటే ఇల్లు. మాట బహు తక్కువ. అతను వచ్చి మేడంతా ఒకసారి చేత్తో తట్టి చూసి, "మూడు నెలలు" అన్నాడు. అంతే.

ఆ మూడు నెలల్లో దూలాలు మార్చాడు. తామర రేకులు ఒక్కొక్కటీ దించి, నెర్రెలు పూడ్చి, మళ్ళీ ఎక్కించాడు. ఆరు వాకిళ్ళు రాతితో మూసేశాడు. నీళ్ళ తూముకు ఇనుప కమ్ములు వేసి సీసం పోశాడు. ఏడో వాకిలికి ఏనుగంత బండను రెండు ఇసుక గదుల మీద ఎత్తి నిలబెట్టాడు. గదుల అడుగున ఉన్న బిరడాలు పీకితే ఇసుక జారిపోతుంది, బండ మెల్లగా దిగి గడప మీద కూర్చుంటుంది. మళ్ళీ లేవాలంటే ఏడు రాజ్యాల ఏనుగులు ఏడు గొలుసులు పట్టి ఒక్కసారి లాగాలి. లోపలి నుంచి లేపే దారి లేదు. దూరినవాడు బయటపడకూడదని మైలారు అట్లా కట్టాడు.

లోపల మనిషి ఉంటే భద్రం కాదని రాజులు ఈరమ్మవ్వనూ బయటికి పంపారు. తూర్పు గోడ వెనక రాతి అరుగు మీద గుడిసె వేసుకుంది. ఆ గోడ పైన ఒక సందులో గువ్వల జంట కాపురం ఉండేది. అవ్వ మైలారు దగ్గరికి వచ్చి అడిగింది.

"నాయనా, నన్నంటే పంపించినారు. ఆ గువ్వలకు పిడికెడు సందు వదులు."

"వదలను అవ్వా. గువ్వ దూరే సందులో గబ్బిలమూ దూరుతుంది."

అప్పటి నుంచి అవ్వ అతనితో మాట్లాడలేదు. ఆ సంగతి అతనూ పట్టించుకోలేదు.

పని జరిగినన్నాళ్ళూ ఒక కట్టు ఉండేది. లోపలికి పోయేవాళ్ళు చెప్పులు గడప బయట విడవాలి. మామూలు రోజుల్లో ఒట్టురాళ్ళ ముందు చెప్పులతో తిరగరు, అది ఒక కారణం. రెండోది మైలారు పెట్టిన నియమం. గడప బయట ఒక జత చెప్పులు కనబడినా లోపల మనిషి ఉన్నట్టే. అప్పుడు ఏ రాయీ దించకూడదు, ఏ మోకూ వదలకూడదు. పేర్లు పిలిచి లెక్కపెడితే ఎవడో ఒకడు ఏ మూలో కునుకు తీస్తూ తప్పిపోతాడు. చెప్పులు తప్పిపోవు. ఆ నియమం వల్ల మూడు నెలల్లో ఒక్క మనిషికి దెబ్బ తగల్లేదు.

చతుర్దశి మధ్యాహ్నానికి పని ముగిసింది. మర్నాడే పున్నమి. ఎండ కొండరాళ్ళను పెనంలా కాలుస్తోంది. కూలీలు గడప బయట చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఏమి ఓబన్నా, ఈ మూడు నెలల్లో మేస్త్రి ఎన్ని మాటలు మాట్లాడినాడో చెప్పు సూద్దాం" అంది సున్నం గానుగ తిప్పే నాంచారి.

ఓబన్న మైలారుకు కుడిభుజం లాంటివాడు. ఇసుక గదుల బిరడాలు పీకే పని అతనిదే. "పదకొండు" అన్నాడు. "అందులో నాలుగు సున్నం పలచనైందని నిన్ను తిట్టినవే."

"తిడితే తిట్టినాడు. నాంచారీ అని పేరు పెట్టి తిట్టింటే నా సొమ్మేం పోయేది. ఓయ్ అంటాడు. పాడిబర్రెను పిలిచినట్ల."

అందరూ నవ్వారు. మైలారు వినీ విననట్టు తన చెప్పులు తొడుక్కున్నాడు. ఎడమ చెప్పు తోలు వారు తెగితే తనే రాగి తీగతో కుట్టుకున్నాడు. ఆ తీగ ఎండలో మెరుస్తోంది.

కూలీలు తూర్పు గోడ నీడకు విందు భోజనానికి దిగిపోయారు. ఓబన్న ఇసుక గదుల దగ్గరికి పోయి, బిరడాలు పీకమని మేస్త్రి కొట్టించే డప్పు కోసం కాచుకున్నాడు. గడప మెట్ల మీద ఒక ముసలి బైరాగి నిలబడి, ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతున్నాడు.

"నాయనా, రాళ్ళు కాలుతున్నాయి. నీ చెప్పులు ఇస్తావా?"

మైలారు అతని పాదాలు చూశాడు. పగిలి ఉన్నాయి. రేపు ఎట్లాగూ కొత్తవి వస్తాయి. విడిచి అతని ముందుకు జరిపాడు.

"మనసు ఒప్పే ఇస్తున్నావా?"

"ఒప్పకపోతే ఎందుకిస్తాను" అన్నాడు మైలారు.

అప్పుడు గుర్తుకొచ్చింది. తూకపు గుండు లోపలే ఉండిపోయింది. గోడ నిటారుగా ఉందో లేదో చూసుకునే దారపు గుండు అది. తండ్రి ఇచ్చింది అదొక్కటే. నడిమి సాలలో కప్పు నుంచి వేలాడుతూ ఉంది. బండ దిగకముందే తీసేయాలి, రేపు రాజుల నెత్తి మీద అది వేలాడకూడదు. ఒక్క పరుగున తెచ్చుకుందామని లోపలికి పోయాడు. కాళ్ళకు చెప్పులు లేవు. గడప బయట విడవడానికీ లేవు.

నడిమి సాలలో ఈరమ్మవ్వ పెట్టిన ఆఖరి దీపం సన్నగా వెలుగుతోంది. రాళ్ళ ముందు ఆచారానికి నీళ్ళ కుండ ఉంది. స్తంభం పక్కన ఓబన్న మర్చిపోయిన సున్నపురాళ్ళ గంప ఉంది. కాల్చిన రాళ్ళు, ఇంకా నీళ్ళు చూడనివి. ఇవాళ పన్నెండో మాట మాట్లాడాలి వీడితో అనుకుంటూ మైలారు గుండు విప్పి మొలకు చుట్టుకున్నాడు.

బయట డప్పు మోగింది.

ఆ వెంటనే గోడల్లో సరసరమని చప్పుడు. మైలారు ఆ చప్పుడును నూరు సార్లు విన్నాడు. ఇసుక జారుతోంది.

పరుగెత్తాడు. నూట ఎనిమిది స్తంభాల నడవ అంత పొడుగని అతనికి ఎప్పుడూ అనిపించలేదు. "ఓబన్నా, ఆపరా" అని అరిచాడు. డప్పు మోత ఆ అరుపును మింగేసింది. జారే ఇసుకను ఆపడం ఓబన్న తరమూ కాదు, ఎవరి తరమూ కాదు. అట్లా కట్టింది తనే. గడప దగ్గరికి చేరేసరికి బండ కింద జానెడు వెలుగు మిగిలింది. బోర్లా పడి చూశాడు.

బయట రెండు పాదాలు. వాటికి తన చెప్పులు. ఎడమదాని మీద రాగి తీగ.

ఆ పాదాలవాడు మెల్లగా వంగాడు. మైలారుకు తన ముఖమే కనబడింది. అదే గడ్డం, అదే నుదుటి మీద ఉలి దెబ్బ. కళ్ళు మాత్రం నీలం.

"సరిగ్గా సరిపోయాయి మైలారూ" అన్నాడు వాడు. "మనసు ఒప్పి ఇచ్చిన చెప్పులు తొడుక్కుంటే ఇచ్చినవాడి రూపు వస్తుంది. అవి కాళ్ళకు ఉన్నంతసేపే. నువ్వు బతికి ఉన్నంతసేపే. కాబట్టి నిన్ను చంపను."

"నీలజటుడివా?"

"రేపు మధ్యాహ్నం దాకా మైలారును. ఏడుగురు రాజులతో ఈ గడప దాటతాను. లోపల ఏడుగురూ పడిపోతారు. నేనొక్కడినే ఏడుస్తూ బయటికి వస్తాను. ఏ రాజు ఏ రాజును చంపాడో ఏడు సైన్యాలు తేల్చుకుంటాయి. మూడు వందల ఏళ్ళ కింద మా తాత ఎనిమిదో రాయి మోసుకొని ఈ కొండ ఎక్కాడు. చోటు లేదని దించనియ్యలేదు. ఇక ఎవరి రాయికీ చోటు ఉండదు."

"బండ లేస్తానే అరుస్తా."

"అరుచుకో. చెప్పులు లేకుండా, మూసిన మేడలో దొరికినవాడు నీలజటుడు కాక ఎవరవుతాడు? గొలుసులు నీకే పడతాయి. అయినా అంత దాకా రానియ్యను."

వాడు తలలోంచి ఒక వెంట్రుక పీకి, మిగిలిన బెత్తెడు సందులోంచి లోపలికి ఊదాడు. బండ గడప మీద కూర్చుంది. కొండ ఒక్కసారి దద్దరిల్లింది. వెలుగు పోయింది.

చీకట్లో ఏదో బరువుగా నేల మీద పాకుతోంది.

మైలారు లేచి నాలుగడుగులు వేశాడో లేదో ఆ చప్పుడు అతని వైపు తిరిగింది. నిలబడితే అదీ నిలబడింది. ఇంకో అడుగు వేశాడు. మోకాలికి చల్లగా, మనిషి తొడంత లావున చుట్టుకుంది. కొండచిలువ. కళ్ళు లేవు దానికి. నేల మీద అడుగు పడితే ఆ అదురుతో ఆనవాలు పడుతుంది. నడుము దాకా చుట్టి బిగించింది, కానీ నలపలేదు. కాపలా పెట్టిన జంతువు కదా. మైలారు ఊపిరి బిగబట్టి కదలకుండా ఉన్నాడు. చుట్టు కాస్త వదులైంది. మొలనుంచి తూకపు గుండు విప్పి దూరంగా విసిరాడు. గుండు ఖంగుమని పడి దొర్లింది. పాము సర్రున విడిచి అటు పోయింది.

తండ్రి ఇచ్చిన గుండు అట్లా పోయింది.

దూరాన దీపం ఇంకా వెలుగుతోంది. మైలారు నేల మీద నడవలేదు. ఒక స్తంభపు దిమ్మె మీద నుంచి ఇంకో దిమ్మె మీదికి దూకుతూ పోయాడు. ప్రతి దిమ్మె దూరమూ అతనికి తెలుసు. ఆఖరి దూకుడులో కాలు జారింది. అరికాలు నేలకు తగిలింది. వెనక నుంచి గాలిలా వచ్చింది పాము. మైలారు సున్నపురాళ్ళ గంప దాని నోటికి అడ్డంగా బోర్లించి, నీళ్ళ కుండ ఎత్తి దాని మీద పగలగొట్టాడు.

సున్నపురాళ్ళు నీళ్ళు తాగి కుతకుతా ఉడికాయి. బుసబుసమని తెల్లటి ఆవిరి కప్పు దాకా లేచింది. రాళ్ళు పేలాలలా పగిలి ఎగిరాయి. పాము మెలికలు తిరిగి, తోక కొట్టుకుంటూ చీకట్లోకి పోయింది. మైలారు స్తంభాన్ని పట్టుకొని ఎగబాకాడు. రెండు పాదాల మీదా సున్నం కాలి బొబ్బలు లేచాయి. ఆవిరికి దీపం ఆరిపోయింది. తాగడానికి ఉన్న నీళ్ళూ పోయాయి.

ఇక చీకట్లో, చేతులతో, మేడంతా వెతికాడు. స్తంభాల తలల మీద నుంచి గోడ గట్టు మీదికి, గట్టు మీద నుంచి పూడ్చిన వాకిళ్ళ పైకి. ప్రతి అతుకులో గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు. గవాక్షాలు చూశాడు. దిగలేదు. దూలం కొనలు చూశాడు. సూది మొన దూరేంత చోటు లేదు. ఎక్కడా ఒక్క పలచని సున్నం లేదు. నాంచారి మంచి పనిమనిషి. ఆ మాట ఆమెతో ఒక్కరోజూ అనలేదు.

ఆఖరుకు తూర్పు గోడ పైగట్టు చేరాడు. అక్కడ ఒక రాయి పక్కన పిడికెడు వెలుగు ఉంది. మైలారు ఆ రాయిని వెతకలేదు. అది అక్కడ ఉంటుందని అతనికి ముందే తెలుసు. అయినా ఆఖరున వచ్చాడు దాని దగ్గరికి.

సందుకు చెవి ఆనించాడు. అరుగు కింద విందు జరుగుతోంది.

"నాంచారమ్మా, నీ సున్నం లేకపోతే ఈ మేడ లేదు" అంటోంది తన గొంతే. "ఈ చేతులకు బంగారు కడియాలు చేయించాల."

"అబ్బో, పేరు కూడా తెలుసునే మేస్త్రికి" నాంచారి నవ్వు. "ఓబన్నా, లెక్క రాసుకో. మేస్త్రి నోరు ఇవాళ తెరిసినాడు."

"ఇట్లుంటే ఇంకో మూడు నెలలు పని చేసిపెడతాం మేస్త్రీ" ఎవరో అన్నారు.

మైలారు సందుకు నోరు పెట్టి ఓబన్నను పిలిచాడు. గొంతు పగిలేలా పిలిచాడు. 

"లోపల ఎవురో అరిసినట్లుండాది మేస్త్రీ" అన్నాడు ఓబన్న.

"కొత్త కట్టుబడి కదరా. మన మాటే తిరిగొస్తాంది. నువ్వు అరిచి చూడు, నిన్నూ పిలుస్తుంది."

ఓబన్న అరిచాడు. అందరూ అరిచారు. మేడ నిండా అరుపులు తిరిగి తిరిగి ఆగాయి. వాళ్ళు ఎక్కువసేపు నవ్వారు. ఆ తర్వాత పాటలు పాడుకుంటూ కొండ దిగిపోయారు. ఒక మనిషి తక్కువయ్యాడని ఎవరికీ అనిపించలేదు. ఒకడు ఎక్కువయ్యాడనీ అనిపించలేదు.

సాయంత్రం గువ్వల జంట ఆ పిడికెడు సందులోంచి దూరి వచ్చింది. గట్టు మీద మనిషిని చూసి కాసేపు బెదిరింది. తర్వాత కాస్త ఎడంగా సర్దుకొని కూర్చుంది. మైలారు మోకాళ్ళు ముడుచుకొని వాటికి చోటిచ్చాడు.

తెల్లవారింది. బయట గింజలు చల్లిన చప్పుడు. ఆ గోడ బయటి వైపు కొండ, దాని మీద అవ్వ గుడిసె ఉన్న అరుగు ఎత్తుగా ఉంటాయి కాబట్టి లోపల తాటిచెట్టంత ఎత్తున్న ఆ సందు బయట మనిషి తలెత్తుకు వస్తుంది.

"రండి తల్లీ, జొన్నలు తెచ్చినా" అంటోంది ఈరమ్మవ్వ.

"అవ్వా, నేను మైలారును. లోపల ఉండిపోయినా."

గింజల చప్పుడు ఆగింది. 

"ఎవుర్రా నువ్వు? మైలారు నిన్న నా గుడిసెకు వచ్చి, అవ్వా తిన్నావా అని అడిగిపోయినాడు. మూడు నెల్లలో అడగని మాట. నువ్వు ఆ గబ్బిలానివి. చీపురు దెబ్బ మర్సిపోతివా?"

"తిన్నావా అని అడిగినాడు కాబట్టే వాడు నేను కాదు."

"నాలుగు మాటలు నేర్చినావే. ఉండు, ఆ సందులో పేడ కొడతా."

"అవ్వా, ఆ సందు యెట్ల వచ్చిందో చెప్తా విను. నేను ఈ రాయి పెట్టి సున్నం నింపిన మర్నాడు, పచ్చి సున్నమంతా గోకి తీసేసినావు. వేళ్ళతోనే తీసినావు. సున్నం కొరికి నాలుగు రోజులు చేతికి గుడ్డ చుట్టుకొని తిరిగినావు. పొయ్యి కాలిందని అందరికీ చెప్పినావు. నేను ఆ పొద్దే చూసినా. చూసి ఊరుకున్నా. ఈ మేడలో నేను చేసిన దొంగపని ఇదొక్కటే. రాజులకు చెప్పలేదు, ఓబన్నకు చెప్పలేదు. నీకూ చెప్పలేదు."

బయట గాలి తిరుగుతోంది. ముక్కు చీదిన చప్పుడు వినబడింది.

"తెలుసునా నీకు" అంది. "తెలిసీ ఒక్క మాట అనకపోతివి. నేను నిన్ను మూడు నెల్లు తిట్టుకుంటిని కదరా. చెప్పు, ఏమి చేయాల?"

"గునపం ఉందా?"

గునపం తెచ్చింది. సున్నం లేని రాయి పొద్దెక్కేలోపే కదిలి వచ్చేసింది. కానీ ఆ రంధ్రంలో తల పడుతుంది, భుజాలు పట్టవు. పక్క రాయిని అవ్వ గోకలేదు. దాని సున్నం ఇనుములా ఉంది. లోపలి నుంచి అతనూ బయటి నుంచి అవ్వా, గునపం మార్చుకుంటూ పొడిచారు. చేతులు బొబ్బలెక్కి పగిలాయి. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. కొండ కింద కొమ్ముబూరలు మోగాయి. ఏడు రాజ్యాల ఏనుగులు ఎక్కి వస్తున్నాయి.

"ఇంత గట్టిగా ఎందుకు కట్టినావురా" అంది అవ్వ రొప్పుతూ.

గునపం దెబ్బల అదురుకు పాము లేచింది. స్తంభం చుట్టుకొని గట్టు మీదికి వచ్చింది. రాయి ఊడడమూ అది మైలారు చీలమండను పట్టడమూ ఒక్కసారే జరిగాయి. అతను భుజాల చర్మం గోడకు వదిలేసి నడుము దాకా బయటికి వచ్చాడు. కాలు లోపలికి లాగుతోంది. ఈరమ్మవ్వ అతని పక్కగా గునపం దూర్చి, కొలిమిలో బొగ్గులు ఎగదోసినట్టు, కళ్ళు మూసుకొని నాలుగు పోట్లు పొడిచింది. మూడు గోడకు తగిలాయి. నాలుగోది తగలాల్సిన చోట తగిలింది. పాము వెంట్రుకై గాలికి లేచిపోయింది.

మైలారు అరుగు మీద పడ్డాడు. అవ్వ నీళ్ళిచ్చింది. తాగుతుండగానే గొలుసుల మోత వినబడింది. ఏడు ఏనుగులు లాగుతున్నాయి. బండ లేస్తోంది.

"నేను పోయి రాజులకు చెప్తా" అంది అవ్వ.

"నమ్మరు. వాడిని పట్టించాలంటే వాడి కాళ్ళ చెప్పులు దిగాల. నేను కనబడితే పట్టుకునేది నన్నే." అవ్వ గుడిసె వైపు చూశాడు. "అవ్వా, నీ కోక ఒకటియ్యి. కప్పుకునే కంబడి ఇయ్యి."

ముసలిది అతన్ని పైనుంచి కిందికి చూసి, నలభై ఏళ్ళలో నవ్వని నవ్వు నవ్వింది. "అవ్వ మాదిరి నడిసేది తెలుసునా నీకు?"

"మూడు నెల్లు చూసినా కదా."

గడప ముందు ఏడు గొడుగులు ఏడు రంగుల్లో వికసించాయి. ఏనుగుల కుంభస్థలాల మీద ముత్యాల జాలర్లు ఎండకు మెరుస్తున్నాయి. ఏడుగురు రాజులూ కత్తులు తీసి మెట్ల మీద పెట్టారు. పెద్దరాజు విరూపసేనుడి పక్కన వెండి పళ్ళెంలో కొత్త చెప్పుల జత ఉంది. అందరికంటే ముందు, గడపకు రెండడుగుల దూరంలో, మైలారు రూపంలో నీలజటుడు నిలబడ్డాడు. కూలీలు మెట్ల కింద చేరి చూస్తున్నారు.

కంబడి ముసుగు వేసుకున్న ఒక ముసలిది, నడుము వంచి, చేత్తో మోకాలు పట్టుకొని, గుంపును తోసుకుంటూ వచ్చి మెట్ల మీద నిలబడింది. ఒక కాలు దించి ఒక కాలు ఎత్తుతోంది.

"నాయనా" అంది వణికే గొంతుతో. "రాళ్ళు కాలుతున్నాయి. నీ చెప్పులు ఇస్తావా?"

నీలజటుడి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది.

"ఈరమ్మవ్వా, పని అయినాక ఇస్తాలే. పక్కకు జరుగు."

"ఒట్టు పూట గడప ముందు అడిగినవాళ్ళకు లేదనకూడదు మేస్త్రీ" అన్నాడు విరూపసేనుడు. "ఇచ్చెయ్యి. కొత్తవి పళ్ళెంలో ఉన్నాయి కదా."

"ఇస్తాడులే సామీ" అంది కింద నుంచి నాంచారి. "నిన్నటి నుంచి మా మేస్త్రి శానా మారినాడు."

భటులూ కూలీలూ నవ్వారు. ఏడుగురు రాజులూ ఎదురు చూస్తున్నారు. ఇవ్వనంటే గడప దాటలేడు. ఇక వేరే దారి లేదు. నీలజటుడు మెల్లగా వంగి, రాగి తీగతో కుట్టిన ఎడమ చెప్పు వారు మీద చెయ్యి పెట్టాడు.

అట్లా వంగినప్పుడు, కోక అంచు కింద, ముసలిదాని పాదాలు వాడి కళ్ళ ముందుకు వచ్చాయి. వెడల్పాటి మగపాదాలు. రెండింటి నిండా సున్నం కాలిన బొబ్బలు.

వాడు చెప్పు మీద చెయ్యి తీయకుండానే తలెత్తాడు. ముసుగులోంచి మైలారు వాడి నీలం కళ్ళలోకి చూస్తూ, రెండో చెయ్యి చాచి, ఇంకా అడుగుతూనే ఉన్నాడు.